పద్యాన్ని విడగొట్టడం నేర్పితే భావం పిల్లలే చెబుతారు

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తెలుగు ట్యూషన్ చెప్పేవాళ్లలో ఎక్కువమంది గైడు తెరిచే మొదలుపెడతారు. ప్రతిపదార్థం చదివి వినిపిస్తారు, భావం రాయిస్తారు, నాలుగు సంధులు అప్పజెప్పించుకుంటారు. చదివిన పాఠం మీద పరీక్ష పెడితే మార్కులు బాగానే వస్తాయి. అపరిచిత పద్యం ఎదురైతే మాత్రం పిల్లలు బిక్కమొహం వేస్తారు. వాళ్లు నేర్చుకున్నది ఆ పద్యం భావమే తప్ప పద్యం చదవడం కాదు. పదవిభజన, అంటే పద్యాన్ని మాటలుగా విడగొట్టడం, ఒక్కటి గట్టిగా పట్టుబడితే సంధి, సమాసం, యతి, భావం అన్నీ దాని వెనకాలే వస్తాయి. కాబట్టి ట్యూషన్ సమయంలో సగం దానికే పెట్టండి.

కావలసిన సరంజామా కొంచెమే. పాఠ్యపుస్తకం, రెండు వందల పేజీల నోటుపుస్తకం, పెన్సిలు, ఒక నిఘంటువు చాలు. శబ్దరత్నాకరం ఇంట్లో లేకపోయినా ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతుక్కోవచ్చు. గైడు ఉంటే ఉండనివ్వండి, కానీ అది పాఠం అయ్యాక సరిచూసుకోవడానికి మాత్రమే. ఒక బ్యాచ్‌లో నలుగురికి మించి పిల్లలు వద్దు. ప్రతి ఒక్కరూ గొంతెత్తి చదవాలి కాబట్టి ఆరుగురైతే గంట చదువుకే సరిపోతుంది.

మొదటి రోజు ఏం చూడాలి

పాఠం మొదలుపెట్టకండి. ఒక పేరా వచనం, ఒక పద్యం ఇచ్చి చదివించండి. తర్వాత అదే వచనంలోని విషయాన్ని పుస్తకం మూసి చెప్పమనండి, నాలుగు వాక్యాలు రాయమనండి. ఇరవై నిమిషాల పని.

వచనంలో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే సమస్య సాహిత్యం కాదు, చదవడం అలవాటు లేకపోవడం. ఇంగ్లీషు మీడియం పిల్లల్లో ఇది మామూలే. రోజూ పది నిమిషాలు కథల పుస్తకం బయటికి చదివించండి, రెండు మూడు నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది. వచనం గడగడా చదివి పద్యం దగ్గర ఆగిపోతే వాళ్లకు కావలసింది పదవిభజన. రెండూ చదివి, చెప్పమంటే నోరు విప్పకపోతే ఇంతవరకూ బట్టీయే సాగిందని అర్థం. నోటితో బాగా చెప్పి రాతలో తడబడితే అక్షరదోషాల పని చూడాలి. నాలుగు రకాలకు నాలుగు వేరు వేరు మందులు. అందరికీ ఒకే పాఠం చెబితే ఇద్దరికి విసుగు, ఇద్దరికి అయోమయం.

అక్షరదోషాలన్నిటినీ ఒకేసారి దిద్దాలని చూడకండి. అర్థం మారిపోయేవి ముందు: కల, కళ, వేలు, వేళ్లు. తర్వాత శ, ష, స. ఒక రోజు దిద్దుబాటులో రెండు రకాల తప్పులకే ఎర్ర సిరా వాడండి. పేజీ అంతా ఎర్రబడితే పిల్లలు దాన్ని చదవరు, మడిచి సంచిలో పెట్టేస్తారు.

మాట్లాడే భాష విషయంలో ఒక హెచ్చరిక. పాలమూరు పిల్లవాడు, శ్రీకాకుళం పిల్ల, కడప పిల్లవాడు ఎవరి యాసలో వాళ్లు భావం చెబుతారు. నోటితో చెప్పేటప్పుడు దాన్ని దిద్దొద్దు. రాతలోకి వచ్చేటప్పుడు మాత్రం పాఠ్యపుస్తకం వాడే మాట ఏదో చూపించండి. యాసను చూసి నవ్విన ట్యూషన్‌లో ఆ తర్వాత ఎవరూ సొంతమాటల్లో చెప్పరు.

పద్యాన్ని మూడుసార్లు చదవడం

మొదటిసారి మీరు చదవాలి, రాగం ఎక్కువ తీయకుండా, యతి దగ్గర కొద్దిగా ఊనిక ఇచ్చి. రెండోసారి పదాల దగ్గర ఆగుతూ చదవండి, పాదం ఎక్కడ ముగిసిందన్నది పట్టించుకోకుండా. మూడోసారి పిల్లలు చదవాలి, పెన్సిలు పట్టుకుని, మాట ముగిసిన ప్రతిచోటా నిలువు గీత గీస్తూ. తప్పుగా గీసినా అప్పుడే దిద్దకండి.

పిల్లలు దాదాపు ఎప్పుడూ పొరబడేది పాదం చివర. పాదం ముగిస్తే మాట కూడా ముగిసిందనుకుంటారు. దీన్ని వదిలించడానికి పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు గురువుతో చెప్పే ‘మందార మకరంద’ సీసపద్యం కింది తేటగీతిని మించింది లేదు:

అంబుజోదర దివ్యపాదారవింద
చింతనామృత పానవిశేష మత్త
చిత్త మేరీతి నితరంబుఁ జేర నేర్చు
వినుత గుణశీల, మాటలు వేయునేల

ఇందులో మొదటి మాట ఎక్కడ ముగుస్తుంది? ‘అంబుజోదర’ దగ్గర కాదు, మొదటి పాదం చివరా కాదు. మూడో పాదంలో ‘చిత్తము’ దాకా అంతా ఒకే సమాసం. ముందునుంచి అర్థం చెప్పబోతే మీరే చిక్కుకుంటారు. చివరినుంచి వెనక్కి ప్రశ్నలు వేయండి. చివర ఉన్నది ఏమిటి? చిత్తం, అంటే మనసు. ఎలాంటి మనసు? మత్తెక్కిన మనసు. దేనివల్ల మత్తు? తాగడం వల్ల, పానవిశేషం. ఏం తాగింది? అమృతం. ఏమిటా అమృతం? చింతన, ఎడతెగని తలపు. దేన్ని గురించిన తలపు? తామరల్లాంటి దివ్యమైన పాదాలు. ఎవరివి? అంబుజోదరుడివి, బొడ్డులో తామర ఉన్నవాడివి, విష్ణువువి. ఏడు ప్రశ్నలకు జవాబులు వచ్చేసరికి విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విప్పి చెప్పే వాక్యం, కూడా నోటికి వచ్చేసి ఉంటుంది. ఎంత పెద్ద సంస్కృత సమాసమైనా ఈ పద్ధతికి లొంగుతుంది. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది కూడా.

పదాలు విడిపోయాక ప్రతి జోడు దగ్గరా ‘ఇక్కడ ఏం పోయింది, ఏం వచ్చింది’ అని అడగండి. అంబుజ, ఉదర కలిసి ఓకారం వచ్చింది, గుణసంధి. పాద, అరవింద కలిసి దీర్ఘం వచ్చింది, సవర్ణదీర్ఘం. చిత్తము, ఏరీతి కలిసినప్పుడు ఉకారం పోయింది, ఉత్వసంధి. ‘జేర’ దగ్గర కాసేపు ఆగాలి. జేర అనే మాట తెలుగులో లేదు, ఉన్నది చేర. ‘ఇతరంబున్’ చివర ద్రుతం, అంటే ‘న్’, ఉంది కనుక దాని తర్వాతి చ, జ అయింది. సరళాదేశ సంధి. అరసున్న ఆ ద్రుతం మిగిల్చిన గుర్తు. నిఘంటువులో ‘జేర’ కోసం వెతికి దొరకలేదన్న పిల్లవాడికి ఈ సంధి ఇక మరిచిపోయే పని లేదు. అలాగే సీసం మొదటి పాదంలో ‘మధుపంబు వోవునే’ అన్నచోట పోవునే, వోవునే అయింది, గసడదవాదేశం. ఇంటర్నెట్‌లో చాలాచోట్ల ‘బోవునే’ అని కనబడుతుంది. పిల్లలు దాన్నే ఎక్కించుకొచ్చి ఉంటారు, పుస్తకంలో ఉన్నదాన్నే రాయమనండి.

సంధి సూత్రం బట్టీ ముందు, ఉదాహరణ తర్వాత అన్నది మన బడుల అలవాటు. దాన్ని తలకిందులు చేయడమే మంచిది. ఇలా ఏడెనిమిది జోళ్లు విడగొట్టాక సూత్రం చెప్పండి, అప్పటికి వాళ్లకు సగం తెలిసే ఉంటుంది.

సమాసాల్లో పేచీ వచ్చేది ‘పాదారవిందం’ లాంటి వాటి దగ్గర. ‘అరవిందముల వంటి పాదములు’ అంటే ఉపమాన ఉత్తరపద కర్మధారయం, ‘పాదములనెడి అరవిందములు’ అంటే రూపక సమాసం. రెండు విధాలుగానూ చెప్పేవాళ్లున్నారు. పరీక్ష రాసే పిల్లలకు పాఠ్యపుస్తకం ఏది చెప్పిందో అదే చెప్పండి. పండితచర్చ వాళ్లకు ఇంటర్ తర్వాత.

ప్రతిపదార్థం, భావం

ప్రతిపదార్థం రాయించేటప్పుడు పద్యంలోని వరుసలోనే రాయాలి, మాటకు చివర విభక్తి అర్థం చేర్చాలి. సీసం మొదటి పాదంలోని ‘మదనములకు’ అన్నదానికి ‘ఉమ్మెత్త’ అని వదిలేస్తే చాలదు, ‘ఉమ్మెత్త పూల దగ్గరకు’ అనాలి. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. మదనుడంటే మన్మథుడని తెలిసిన పిల్లలు మదనములంటే కూడా ఏదో ప్రేమ వ్యవహారమనుకుంటారు. ఒక మాటకు నిఘంటువులో నాలుగు అర్థాలుంటే పద్యంలో చుట్టూ ఏముందో చూసి ఎంచుకోవాలి. తుమ్మెద మందారాన్ని వదిలి పోయేది ఇంకో పువ్వు దగ్గరికేగా అని అడిగితే చాలు.

ఈ సీసం భావం రాయించడానికి ముందు నోటుపుస్తకంలో మూడు నిలువు గడులు గీయించండి: ఎవరు, దేనిలో మునిగి ఉన్నారు, దేని దగ్గరకు పోరు. తుమ్మెద, మందార మకరందం, ఉమ్మెత్తలు. రాయంచ, ఆకాశగంగ అలలు, మామూలు ఏర్లు. కోయిల, తియ్యమామిడి చిగుళ్లు, కొండమల్లెలు. చకోరం, నిండు వెన్నెల, దట్టమైన మంచు. అయిదో వరుస ఖాళీగా వదిలి పిల్లలనే నింపమనండి: మనసు, హరి పాదాల తలపు, ఇంకేదైనా. ఆ ఖాళీ నింపినవాళ్లు పద్యం అర్థం చేసుకున్నట్టే. నాలుగు పోలికలూ చెప్పి అయిదోది చెప్పనివాళ్లు ఇంకా పైపైనే ఉన్నారు.

భావం అయిదారు వాక్యాలు చాలు. మొదటి వాక్యంలో ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటున్నారో ఉండాలి. పుస్తకంలోని ప్రతిపదార్థాన్ని ఒకదాని పక్కన ఒకటి అతికించి భావమంటే ఒప్పుకోకండి. ‘మీ చెల్లెలికి చెబుతున్నట్టు చెప్పు’ అని ముందు నోటితో చెప్పించి, వెంటనే, ఆ వేడి తగ్గకముందే రాయించాలి. ఇంటికెళ్లి రాసుకురమ్మంటే గైడే తిరిగొస్తుంది.

ఛందస్సు

చాలామంది టీచర్లు చివరికి నెట్టేసే పాఠం ఇది. నిజానికి పిల్లలు అన్నిటికన్నా త్వరగా పట్టుకునేది ఇదే, ఎందుకంటే లెక్క తేలుతుంది. గురులఘువుల నియమాలు పావుగంటలో చెప్పొచ్చు: దీర్ఘం గురువు, సున్నా గానీ విసర్గ గానీ ఉన్నది గురువు, పొల్లుతో కూడినది గురువు, సంయుక్త, ద్విత్వాక్షరాల ముందున్నది గురువు, ఐ, ఔలు ఉన్నది గురువు. మిగిలినవి లఘువులు. తప్పులు రెండుచోట్ల దొర్లుతాయి. వట్రసుడి ఉన్న అక్షరాన్ని సంయుక్తాక్షరమనుకుని ‘కృ’, ‘మృ’ ముందున్నదాన్ని గురువు చేస్తారు, అది తప్పు. ఒత్తు ఉన్న అక్షరాన్నే గురువనుకుంటారు, ముందున్నది వదిలేసి. ‘ఉప్పు’లో గురువు ‘ఉ’, ‘ప్పు’ కాదు.

ఇక అసలు తప్పు. మూడక్షరాల గణాలను (గురులఘువుల గుంపులను) గుర్తుపెట్టుకునే యమాతారాజభానసలగం నేర్పగానే పిల్లలు ప్రతి పద్యాన్నీ మూడేసి అక్షరాలుగా నరకడం మొదలుపెడతారు. ఆటవెలదిని అలా నరికితే ఏమీ తేలదు. కాబట్టి గణాలకంటే ముందు అక్షరాల లెక్క. నాలుగు పాదాల్లోనూ అక్షరాలు సమానంగా ఉంటే వృత్తం. ఉత్పలమాలకు 20, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. మొదటి మూడు అక్షరాలు చూసినా చాలు (గ అంటే గురువు, ల అంటే లఘువు): గలల అయితే ఉత్పలమాల, లలల అయితే చంపకమాల, గగగ అయితే శార్దూలం, లలగ అయితే మత్తేభం. యతి వరుసగా 10, 11, 13, 14వ అక్షరాలు. పాదానికో లెక్క ఉంటే అది కందమో ఆటవెలదో తేటగీతో సీసమో.

మొదటి పాఠానికి అందరికీ వచ్చిన వేమన పద్యమే మేలు:

ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయ
విశ్వదాభిరామ వినుర వేమ

అక్షరాలు లెక్కపెట్టించండి: 13, 11, 14, 11. వృత్తం కాదని తేలింది. ఇప్పుడు సూర్యగణాలు రెండే, ‘హ’ (గల), ‘న’ (లలల), అని చెప్పి రెండో పాదంతో మొదలుపెట్టండి, మొదటిదానితో కాదు. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. గల, గల, లలల, గల, గల. అయిదూ సూర్యగణాలే, మాటలు కూడా గణాల దగ్గరే విరుగుతున్నాయి కనుక మొదటి ప్రయత్నంలోనే తేలిపోతుంది. నాలుగో పాదమూ అంతే. తర్వాత ఇంద్రగణాలు ఆరూ చెప్పండి: నగ, నల, సల, భ, ర, త. మొదటి పాదం: ఉప్పు, కప్పు, రంబు, ఈ మూడూ ‘హ’లే. ‘నొక్కపో’ గలగ, ర గణం. ‘లికనుండు’ లలగల, సల. మూడో పాదం: పురుషు ‘న’, లందు ‘హ’, పుణ్య ‘హ’, పురుషులు ‘నల’, వేరయ ‘భ’. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. తర్వాతి పాదం అయిదు సూర్యగణాలు. ఆటవెలది లక్షణం పిల్లలే చెప్పేశారు.

యతి దగ్గర ఈ పద్యం బంగారం. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, అంటే ధ్వనిలో పోలిక, కుదరాలి. మూడో పాదంలో పు, పు. నాలుగులో వి, వి. తేలిక. మొదటి పాదంలో ‘ఉ’కు ‘నొ’కు యతి ఎలా? విడగొడితే తెలుస్తుంది: కప్పురంబును, ఒక్కపోలిక. ‘నొ’లోని న ద్రుతానిది, మాట మొదలయ్యేది ‘ఒ’తో. ఉ, ఒ మిత్రాలు. పదవిభజన రానిదే యతి కుదరదని ఇంతకంటే స్పష్టంగా చూపించలేం. రెండో పాదంలో ‘చూ’, ‘జా’. హల్లులు చ, జ కలుస్తాయి గానీ అచ్చులు కలవవు. తప్పా? కాదు. ‘చూడ’, ‘జాడ’ల్లో రెండో అక్షరం ‘డ’ రెండుచోట్లా ఒకటే. అది ప్రాసయతి, ఆటవెలదికి చెల్లుతుంది. ఒక్క పద్యంలో మామూలు యతి, అచ్చుల యతి, ప్రాసయతి మూడూ దొరకడం ట్యూషన్ చెప్పేవాళ్ల అదృష్టం. పనిలో పనిగా కర్పూరం, కప్పురం అని ప్రకృతి వికృతి కూడా అయిపోతుంది.

పైన చెప్పిన తేటగీతి మొదటి పాదాన్ని మర్నాడు ఇంటిపనిగా ఇవ్వండి. ‘అం’కు ‘దార’లోని ‘దా’కు యతి ఎలా కుదిరిందో చెప్పమనండి. పాద, అరవింద అని విడగొట్టుకున్నవాళ్లకు ‘దా’లో దాగిన ‘అ’ దొరుకుతుంది.

పద్యం నోటికి రావడం

అర్థం తెలిసి, గణాలు విడగొట్టాక పద్యం సగం వచ్చేసి ఉంటుంది. మిగతా సగానికి రాత్రి పడుకునేముందు రెండు పాదాలు, పొద్దున లేవగానే అవే రెండు పాదాలు. పరీక్షలో ‘పాదభంగం లేకుండా రాయండి’ అంటారు కనుక నోటికి అప్పజెబితే చాలదు, చూడకుండా రాయాలి. రాశాక గణాలు లెక్కపెట్టుకోమనండి. ఏదో మాట మరిచిపోయి ఇంకోటి పెడితే గణం తప్పుతుంది, పుస్తకం తెరవకుండానే తప్పు ఏ పాదంలో ఉందో తెలిసిపోతుంది.

కవిపరిచయం గురించి ఒక మాట చాలు. ఊరు, కాలం, రచనలు, బిరుదు, శైలి, ఈ అయిదూ ఉంటే సరిపోతుంది. పోతనది బమ్మెర, 15వ శతాబ్దం, భాగవతం, వీరభద్ర విజయం, భోగినీ దండకం, సహజపండితుడు. శైలి దగ్గర ‘శబ్దాలంకారాలు ఎక్కువ’ అని అందరూ రాసేదే. దాని పక్కన ‘మందార మకరంద మాధుర్య’ అని మూడు మాటలు ఉదాహరణ రాసేవాళ్లు తక్కువ. ఆ మూడు మాటలు రాయించండి.

వచన కవితకు, కథకు ఇంత విడగొట్టుడు అక్కర్లేదు. కవితలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ దృశ్యం మళ్లీ మళ్లీ వస్తోంది, పంక్తి అక్కడే ఎందుకు విరిచాడు అన్న మూడు ప్రశ్నలు. కథలో మలుపు ఏ వాక్యం దగ్గర వచ్చిందో గీత గీయమనండి. ఆ వాక్యం మీద అందరూ ఒప్పుకోకపోతే ఇంకా మంచిది, వాదించుకోనివ్వండి.

వారానికి మూడు రోజులు, రోజుకు గంట అనుకుంటే ఒక పద్యపాఠం రెండు వారాలు పడుతుంది. గంటలో మొదటి పది నిమిషాలు పాత పద్యం చూడకుండా రాయడం, అరగంట విడగొట్టడం, పావుగంట భావం చెప్పి రాయడం, చివరి అయిదు నిమిషాలు కొత్త పద్యం మీ గొంతులో వినిపించడం. తల్లిదండ్రులు నెల తిరక్కుండా ‘ఎన్ని పాఠాలయ్యాయి’ అని అడుగుతారు. పాఠాల లెక్కకు బదులు నోటుపుస్తకంలో పిల్లలు సొంతంగా విడగొట్టిన పద్యాలు చూపించండి.

పరీక్షకు నెల ముందునుంచి వారానికి రెండు అపరిచిత పద్యాలు ఇవ్వండి. సుమతి, వేమన, భాస్కర శతకాల నుంచి, పాఠ్యపుస్తకంలో లేనివి. జవాబులు రాయమనకండి, ప్రశ్నలు తయారుచేయమనండి, పద్యానికి నాలుగు. మొదట అందరూ ‘ఈ పద్యం రాసిందెవరు’, ‘ఏ శతకంలోది’ అనే రాస్తారు. ‘ఎందుకు’, ‘దేనితో పోల్చారు’ అన్న ప్రశ్నలు రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఒకరు తయారుచేసిన ప్రశ్నలకు ఇంకొకరు జవాబు రాయాలి, రాసిన జవాబును ప్రశ్న వేసినవాళ్లే దిద్దాలి. మీరు పక్కన కూర్చుని నిఘంటువు అందించండి.